ముందు ఒక్క పిల్లకి చదివి వినిపించి రమ్మనండి

టీచర్లను తయారుచేసే డీఎడ్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి కొత్తగా చేరారు, బాలసాహిత్యాన్ని బడిలో ఎలా వాడాలో నేర్పాలి, విద్యార్థులేమో గైడ్లు తప్ప వేరే పుస్తకం ముట్టుకోలేదు, ఎక్కడ మొదలుపెట్టాలి అని కదా మీ ప్రశ్న. గుంటూరులో పదకొండేళ్లుగా నాదీ అదే పని. ముందు నేను చెడగొట్టింది చెబుతాను.

మొదటి ఏడాది ఏడు చేపల కథకు టీఎల్ఎం, అంటే పాఠం చెప్పేటప్పుడు చూపించే బొమ్మలూ అవీ, చేసుకురమ్మన్నాను. థర్మాకోల్ చేపలు, మెరుపు కాగితం చీమలు వచ్చాయి. ఒకమ్మాయైతే నిజం గడ్డితోనే మోపు కట్టుకొచ్చింది. తీరా వాళ్లు బడికెళ్లి పాఠం చెప్పే టీచింగ్ ప్రాక్టీస్‌లో చూస్తే కథ రెండు నిమిషాల్లో అయిపోయింది. మిగతా పీరియడంతా "ఇదేమిటి? చేప. ఎన్ని? ఏడు." ఆఖర్న "ఈ కథలో నీతి ఏమిటి?" పిల్లలు బిక్కమొహం వేశారు. ఆ కథలో నీతి ఏమిటో నిజానికి నాకూ తెలీదు! విద్యార్థుల తప్పేం లేదు. నేను బొమ్మలడిగాను, వాళ్లు బొమ్మలు తెచ్చారు.

ఆ తర్వాత నుంచి జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి తీసుకెళ్తున్నాను. కుదరని ఏడాది లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులే గతి. తలా ఒక పిల్లల పుస్తకం కొనాలి, వంద రూపాయలు దాటకూడదు. ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్న ఒక పిల్లకి దాన్ని చదివి వినిపించి, ఏం జరిగిందో క్లాసులో చెప్పాలి. ఒకబ్బాయి వచ్చి "మా మేనకోడలు మూడో పేజీకే లేచిపోయింది మేడమ్" అన్నాడు. పుస్తకం చూస్తే పేజీకి పాతిక లైన్లు, బొమ్మ అగ్గిపెట్టెంత. పుస్తకం ఎలా ఎంచుకోవాలో నేను చెప్పే పని లేకుండా ఆ రోజు క్లాసంతా దాని మీదే నడిచింది.

ఇక్కడ ఒక మాట. 1947లో మన తెనాలి చక్రపాణి, నాగిరెడ్డి మొదలుపెట్టిన చందమామంటే నాకు ప్రాణం. అయినా ఒకటో తరగతికి పాత చందమామ పట్టుకెళ్తానంటే వద్దంటాను. అది మన చిన్నతనం మీద ప్రేమ, అంతే. ఐదో తరగతికైతే నిక్షేపంగా తీసుకెళ్లమంటాను.

చదివి వినిపించడం మాత్రం సాధన చేయించాల్సిందే. పుస్తకాన్ని భుజం పక్కన, బొమ్మలు పిల్లల వైపు ఉండేలా పట్టుకుని, తను వారగా చూస్తూ చదవాలి. తేలిగ్గా కనిపిస్తుంది గానీ మొదటిసారి అందరూ తడబడతారు. పేజీ తిప్పే ముందు కాసేపు ఆగాలి. ఆ కాసేపూ ఆగడం చాలామందికి రాదు, వెంటనే ప్రశ్న వేసేస్తారు. మధ్యలో ప్రతి మాటకీ అర్థం చెప్పడం అంతకంటే పెద్ద జబ్బు.

రెండేళ్ల క్రితం మా విద్యార్థిని ఒకామె పల్లెటూరి బడిలో అదే ఏడు చేపల కథ చెప్పింది, ఈసారి బొమ్మల్లేకుండా. "చేపా చేపా ఎందుకెండలేదు?" అని రెండుసార్లు వచ్చేసరికి తర్వాతి ప్రశ్న పిల్లలే అడిగేస్తున్నారు. మిరపకాయల సీజను, ఊరంతా కళ్లాలే. వెనక నుంచి ఒకడు "మిరపకాయా మిరపకాయా ఎందుకెండలేదు?" అన్నాడు. మంచు పడిందట. మంచు పడితే పట్టా ఎందుకు కప్పలేదు? తాతకి జొరమొచ్చింది. జొరం ఎందుకొచ్చింది? వాళ్లు చెప్పింది చెప్పినట్టే ఆమె బోర్డు మీద రాసింది, జొరాన్ని జ్వరం అని దిద్దకుండా. అక్షరాలు కూడబలుక్కునే పిల్లలు కూడా ఆ బోర్డు గడగడా చదివారు. అవి వాళ్ల మాటలే కదా మరి.

ఆమెకు మాత్రం రికార్డు టెన్షన్. లెసన్ ప్లాన్‌లో "నీతి" అని ఒక గడి ఉంది, అందులో ఏం రాయాలి? ఆ గడి కొట్టేయించి "పిల్లలు ఏమన్నారు" అని పెట్టించాను. కనీసం మూడు వాక్యాలు, పిల్లలు అన్నవి అన్నట్టు రాయాలి. మీరు చేయగల మార్పు ఒక్కటే అయితే ఇదే చేయండి. పిల్లల మాట వినకుండా ఆ గడి నింపడం కష్టం. (కల్పించి రాసేవాళ్లూ ఉంటారు. చదివితే తెలిసిపోతుంది, ఏ పిల్లా అంత మంచి తెలుగు మాట్లాడదు.)

నిర్వచనాలు, ప్రక్రియలు పరీక్షకు కావాలి గనక రెండు పీరియడ్లలో చెప్పేయండి. పుస్తకాలకు డబ్బుల్లేవంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు నాలుగు స్థాయిల్లో ఉచితంగా ఉన్నాయి, ప్రింటు తీసుకోవచ్చు. నేషనల్ బుక్ ట్రస్ట్ పిల్లల పుస్తకాలూ చవకే.

టీచింగ్ ప్రాక్టీస్‌కి పంపేటప్పుడు, మొదటిరోజే లైబ్రరీ బీరువా తాళం అడగమని చెప్పండి. పుస్తకాలు చినుగుతాయని తాళం వేసి ఉంచే బళ్లు చాలా ఉన్నాయి. మా వాళ్లలో ఒకమ్మాయికి నాలుగో రోజుకి గానీ తాళం చేతికి రాలేదు. తెరిస్తే సగం పుస్తకాలకు కట్టిన తాడు కూడా విప్పలేదట.