23 డ్రైవర్లు పాతబడ్డాయంటోంది, డబ్బు కట్టాలా?

మీ ల్యాప్‌టాప్ కొని ఐదేళ్లయింది, హెడ్‌ఫోన్స్ పెడితే గరగరమంటోంది, ఉచితమని వేసుకున్న డ్రైవర్ అప్‌డేటర్ 23 డ్రైవర్లు (సౌండ్, వైఫై లాంటి పరికరాలను విండోస్‌తో పనిచేయించే చిన్న సాఫ్ట్‌వేర్లు) పాతవని చూపించి, సరిచేయాలంటే డబ్బు కట్టమంటోంది. ఇదే కదా మీ ప్రశ్న? కట్టకండి. నేను కట్టి అనుభవించాను.

మాది మల్కాజిగిరి. 2021లో ఇంటి నుంచి పని చేస్తున్న రోజుల్లో, ఓ రాత్రి ఇలాంటి సాఫ్ట్‌వేరే కొని, అన్నీ అప్‌డేట్ చేయమని నొక్కి పడుకున్నాను. పొద్దున చూస్తే టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్లతో స్క్రోల్ అవడం లేదు, వైఫై గుర్తే మాయం. పదిన్నరకు మీటింగ్. డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి! విండోస్‌లో పరికరాల జాబితా ఉండే డివైస్ మేనేజర్‌లో, పాత డ్రైవర్‌ను తిరిగి తెచ్చే రోల్ బ్యాక్ బటన్ నొక్కుడు పడలేదు. సిస్టమ్‌ను మునుపటి స్థితికి తిప్పే సిస్టమ్ రీస్టోర్ ఆన్ చేసి పెట్టుకున్న పాపాన పోలేదు.

మీటింగ్ ఫోన్‌లోనే కానిచ్చి, మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పోయాను. షాపులో కుర్రాడు స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. తన ఫోన్‌ను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేశాడు. నెట్ వచ్చేసింది! ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మోడల్ నంబర్ కొట్టి, వైఫై, టచ్‌ప్యాడ్ డ్రైవర్లు రెండే దించి వేశాడు. పావుగంట పని, 400 రూపాయలు. "ఇంట్లనే చేసుకోవచ్చు కదా అన్నా" అన్నాడు పైగా.

ఇక ఆ 'పాతవి' అనే లెక్క సంగతి. డివైస్ మేనేజర్‌లో సిస్టమ్ డివైసెస్ తెరిచి, ఒక్కోదాని డ్రైవర్ తేదీ చూడండి. చాలావాటికి 21-06-2006 అని ఉంటుంది. ఇంటెల్ చిప్‌సెట్ అయితే కొన్నింటికి 18-07-1968 అని కూడా ఉండొచ్చు. 1968లో విండోస్ ఎక్కడిది? అది ఇంటెల్ కంపెనీ పుట్టిన రోజు. కావాలనే వేసిన తేదీలివి. ఒక పరికరానికి రెండు డ్రైవర్లు సమానంగా సరిపోతే, విండోస్ కొత్త తేదీ ఉన్నదాన్ని పట్టుకుంటుంది. పరికరం తయారుచేసినవాళ్లిచ్చిన డ్రైవర్‌కు తమది అడ్డురాకూడదని మైక్రోసాఫ్ట్ తన వాటికి వెనకటి తేదీ వేస్తుంది. కాబట్టి తేదీ చూసి డ్రైవర్ ముసలిదైపోయిందని టెన్షన్ పడక్కర్లేదు.

మీ గరగర విషయానికొస్తే, ముందు అవే హెడ్‌ఫోన్స్ ఫోన్‌కు పెట్టి వినండి. అక్కడా గరగరమంటే డ్రైవర్ జోలికే పోవద్దు. ఫోన్‌లో బాగుంటే, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న పూర్తి మోడల్ నంబరుతో కంపెనీ సైట్‌లో ఆడియో డ్రైవర్ వెతకండి. లోపల రియల్‌టెక్ కంపెనీ సౌండ్ చిప్పే ఉన్నా, మీ స్పీకర్లకూ జాక్‌కూ తగ్గట్టు కంపెనీ సర్ది ఇచ్చిన డ్రైవర్ వేరు, ఎక్కడో దొరికే సాదా రియల్‌టెక్ డ్రైవర్ వేరు. అక్కడ దొరక్కపోతే విండోస్ అప్‌డేట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో ఆప్షనల్ అప్‌డేట్స్ చూడండి. ఆడియో ఒక్కటే టిక్ చేయండి. అంతకుముందు సిస్టమ్ రీస్టోర్‌లో రీస్టోర్ పాయింట్ పెట్టుకోవడం మాత్రం మర్చిపోవద్దు.

అప్‌డేటర్లన్నీ చెడ్డవని అనను. ల్యాప్‌టాప్ కంపెనీ సొంత టూల్, ఇంటెల్ వాళ్లది, ఎన్‌విడియా వాళ్లది నేనూ వాడతాను. గ్రాఫిక్స్ డ్రైవర్‌లో సెక్యూరిటీ లోపాలు కూడా సరిచేస్తుంటారు కాబట్టి దాన్ని మాత్రం అప్పుడప్పుడూ మార్చుకోవడమే మంచిది. రోజూ సిస్టమ్‌లు ఫార్మాట్ చేసేవాళ్లకు స్నాపీ డ్రైవర్ ఇన్‌స్టాలర్ ఆరిజిన్ అనే టూల్ బాగా పనికొస్తుంది. ఉచితం, ఓపెన్ సోర్స్, డ్రైవర్లన్నీ ముందే డిస్క్‌లో దించుకుంటే నెట్ లేకున్నా నడుస్తుంది. అందులోనూ నేను ఒక్కొక్కటే ఎంచుకుంటాను. ఏ టూల్ అయినా బయాస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అంటే ఆగండి. కరెంటు పోయే వేళ అసలు వద్దు, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే, దాని రికవరీ కీ చేతిలో లేకుండా అస్సలు వద్దు.

ఒకవేళ ఇప్పటికే కార్డు నంబర్ ఇచ్చి ఉంటే, సాఫ్ట్‌వేర్ తీసేయడంతో సరిపెట్టకండి. వాళ్ల అకౌంట్ పేజీలోకెళ్లి ఆటో రెన్యువల్ ఆపండి. నేను తీసేసి మర్చిపోయాను. ఏడాది తిరిగాక, రేపు డబ్బు కట్ అవుతుందని బ్యాంకు మెసేజ్ వస్తేగానీ గుర్తు రాలేదు.