జీరో బిల్లు పోకుండా చలికాలం గడిచేదెలా?

ప్రశ్న: మాది ఆదిలాబాద్. రెండు గదుల సొంతిల్లు. నా భర్త ప్రైవేటు ఉద్యోగి, జీతం 24 వేలు. ఇంట్లో 72 ఏళ్ల అత్తమ్మ, ఆరేళ్ల బాబు, నాలుగు నెలల పాప ఉన్నారు. నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు ఇచ్చే తెలంగాణ ప్రభుత్వ పథకం గృహజ్యోతి కింద మాకు జీరో బిల్లు వస్తుంది. పోయినేడు డిసెంబర్‌లో మాత్రం 238 యూనిట్లు కాలి, 1,400 రూపాయలు దాటి బిల్లు వచ్చింది. నీళ్లకు హీటర్ రాడ్, అత్తమ్మ గదిలో ఒక పాత రూమ్ హీటర్ వాడాం. ఆ హీటర్ ఇప్పుడు పాడైంది. ఈ నవంబర్‌లో 130 యూనిట్లు కాలాయి. 25 లీటర్ల గీజర్, కొత్త రూమ్ హీటర్ ఈఎంఐలో తీసుకుందామని మా ఆయన అంటున్నారు. బొగ్గుల కుంపటి పెట్టుకుంటే కరెంటు ఖర్చే ఉండదని అత్తమ్మ అంటున్నారు. బ్యాంకులో 35 వేలు ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: డబ్బు లెక్క తర్వాత చూద్దాం. ముందు కుంపటి గురించి చెప్పాలి. తలుపులు మూసిన గదిలో రాత్రి కుంపటి పెట్టకండి. ఒక్క రాత్రికి కూడా వద్దు. బొగ్గు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్నవాళ్లకు అది పీలుస్తున్నట్టే తెలియదు, మెలకువ రాకుండానే ప్రాణం పోతుంది. ముసలివాళ్లకు, పసిపిల్లలకు ప్రమాదం ఇంకా ఎక్కువ. మీ వైపు చాలా ఇళ్లలో పొద్దున వాకిట్లో కట్టెల పొయ్యి మీద నీళ్లు కాచుకుంటారు. అది మంచి పద్ధతే, యూనిట్లూ కాలవు. అయితే మిగిలిన నిప్పులను కుంపట్లో వేసి గదిలోకి తెచ్చుకోవడం దగ్గరే ముప్పు మొదలవుతుంది. ‘బొగ్గు బాగా రాజుకుంది, పొగ లేదు కదా’ అని అత్తమ్మ అనొచ్చు. పొగ లేకపోయినా ఆ వాయువు ఉంటుందని ఆవిడకు నెమ్మదిగా చెప్పండి.

ఇక బిల్లు. పోయినేడు మీరు పరిమితి దాటింది 38 యూనిట్లే. 200 దాటితే ఆ నెలకు గృహజ్యోతి వర్తించదు, మొత్తం యూనిట్లకూ కట్టాలి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన టారిఫ్ ప్రకారం 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు ఒక్కోదానికి 5 రూపాయల 10 పైసలు, ఆపై వందకు 7 రూపాయల 70 పైసలు పడతాయి. వీటికి కస్టమర్ చార్జీ, ఫిక్స్‌డ్ చార్జీ, సుంకం కలిస్తే మీరు చెప్పిన 1,400 వస్తుంది. అంటే ఆ 38 యూనిట్లలో ఒక్కొక్కటి మీకు దాదాపు 37 రూపాయలు పడింది. కాబట్టి ఈ రెండు మూడు నెలలు జీతాన్ని లెక్కపెట్టుకున్నట్టే యూనిట్లనూ లెక్కపెట్టుకోండి.

నవంబర్‌లో 130 కాలాయంటే మీ చేతిలో ఇంకా 70 ఉన్నాయి. ఇరవై లీటర్ల బకెట్ నీళ్లను 18 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తేవాలంటే సుమారు అర యూనిట్ కావాలి. రాడ్‌తో కాచినా, గీజర్‌తో కాచినా అంతే. నీళ్లు వేడెక్కడానికి కావలసిన శక్తి పరికరాన్ని బట్టి మారదు. ముగ్గురు పెద్దవాళ్లకు, బాబుకు తలా ఒక బకెట్, పాపకు రెండు చెంబులు అనుకుంటే రోజుకు సుమారు రెండు యూనిట్లు కాలతాయి. నెలకు దాదాపు 60. మొత్తం 190 దాకా అవుతుంది.

మిగిలేది పది యూనిట్లు. రెండు వేల వాట్ల రూమ్ హీటర్‌ను తక్కువలో, వెయ్యి వాట్ల మీద పెట్టినా గంటకు ఒక యూనిట్ తాగుతుంది. రోజుకు మూడు గంటలు వేస్తే నెలకు 90. అంటే హీటర్ కొన్న నెలలో జీరో బిల్లు పోవడం ఖాయం. పైగా దాన్ని పాప ఉయ్యాల దగ్గరో, దుప్పటి తగిలేచోటో పెడితే అదో భయం. అందుకే రూమ్ హీటర్ వద్దంటున్నాను. గది మొత్తం వేడి చేసే బదులు మనుషులను వెచ్చగా ఉంచండి. మంచి ఉన్ని దుప్పటి, కింద పరుచుకోవడానికి దళసరి బొంత, సాక్సులు, మంకీ క్యాప్, అత్తమ్మకు ఒక వేడినీళ్ల బ్యాగ్. వీటన్నిటికీ మూడు వేలు చాలు, చాలా ఏళ్లు ఉంటాయి. పాపకు మాత్రం ముఖం మీదకు జారే బరువైన దుప్పట్లు కప్పకండి. ఒంటికి సరిపోయే బట్టలు రెండు పొరలుగా వేయడం మేలు.

అత్తమ్మ తెల్లవారుజామున స్నానం చేయాలని పట్టుబట్టకపోతే ఇంకో వెసులుబాటు ఉంది. పొద్దున్నే ఒక డ్రమ్ము నీళ్లు డాబా మీద ఎండలో పెడితే మధ్యాహ్నానికి చలి విరుగుతుంది. ఆ నీళ్లు కాచడానికి తక్కువ కరెంటు చాలు. చలి తగ్గాక స్నానం చేయడం ఆవిడ ఒంటికీ మంచిదే.

గీజర్ విషయంలో మీ ఆయనతో నేను సగమే ఏకీభవిస్తాను. ఆరేళ్ల బాబు తిరిగే ఇంట్లో రాడ్ ఉండటం నాకు ఇష్టం లేదు. బకెట్‌లో రాడ్ ఉండగా ‘వేడెక్కాయా’ అని ఓ వేలు పెట్టి చూడటం మన ఇళ్లలో అందరికీ అలవాటే. మా ఇంట్లో చిన్నప్పుడు మా అమ్మకు అలాగే షాక్ కొట్టింది. ఆవిడ విసురుగా వెనక్కి పడటం వల్ల బతికింది. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. కాబట్టి గీజర్ కొనండి. కానీ 25 లీటర్లది వద్దు, 15 లీటర్లది చాలు. మీ ఇంట్లో అందరూ బకెట్ స్నానమే చేస్తారు కదా. 60 డిగ్రీలకు కాగిన 15 లీటర్లలో చన్నీళ్లు కలిపితే బకెట్టున్నర వస్తుంది. పెద్ద ట్యాంకులో మిగిలిపోయిన వేడి ఊరికే చల్లారిపోతుంది. కరెంటు పొదుపును సూచించే బీఈఈ స్టార్లు ఎక్కువ ఉన్నది చూసి కొనండి. స్నానాలు వెంటవెంటనే ముగించి స్విచ్ ఆపేయండి. రోజంతా ఆన్‌లో ఉంచితే నా లెక్కంతా తప్పుతుంది.

ఈఎంఐ మాత్రం అక్కర్లేదు. నో కాస్ట్ అని చెప్పినా చాలాసార్లు ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ వేస్తారు. మీ 35 వేల నుంచి నగదు కట్టేయండి. ఆ తర్వాత నెలకు వెయ్యి చొప్పున ఆర్‌డీలో వేసి ఆ సొమ్ము మళ్లీ నింపండి.

అయితే గీజర్ కంటే ముందు చేయాల్సిన ఖర్చు ఒకటుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో చూపించండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. కరెంటు మనిషి గుండా భూమిలోకి పారడం మొదలైతే అది క్షణంలో సరఫరా ఆపేస్తుంది. గీజర్‌కు 16 ఆంపియర్ల సాకెట్, దానికి తగిన వైరు ఉండాలి. మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలిస్తే వైరు వేడెక్కి అంటుకోవచ్చు. ఇల్లు పాతదైతే ఇక్కడ ఎంత ఖర్చయినా వెనకాడకండి.

మీరు, మీ ఆయన బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా తీసుకున్నారో లేదో కూడా చూసుకోండి. ఏడాదికి 20 రూపాయలకు రెండు లక్షల ప్రమాద బీమా ఇది. 18 నుంచి 70 ఏళ్ల వారికే వర్తిస్తుంది కాబట్టి అత్తమ్మకు రాదు.

ప్రతి ఆదివారం మీటర్ అంకె క్యాలెండర్ మీద రాసుకోండి. వారానికి 45 యూనిట్లు దాటకపోతే నెలకు 200 లోపే ఉంటారు. ఒక వారం 50 దాటితే టెన్షన్ పడకండి, తర్వాతి వారం మూడు రోజులు వాకిట్లో పొయ్యి మీద నీళ్లు కాచుకుంటే సరిపోతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా రాడ్ వాడక తప్పకపోతే, ముందు నీళ్లలో ముంచాకే స్విచ్ వేయండి. ఆపి, ప్లగ్ పీకాకే నీళ్లు ముట్టుకోండి. ఆ సమయంలో బాబును ఆ దరిదాపులకు రానివ్వకండి.