సంతకం పెట్టే ముందు మీ పాలసీ తీసి చూడండి

ప్రశ్న: మేం టెక్సస్‌లో డాలస్ దగ్గర ఉంటున్నాం. నెల క్రితం మావారు సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే ఒకతను వెనక నుంచి కారుతో గుద్దాడు. అంబులెన్సులో తీసుకెళ్ళారు, వెన్నుకు ఆపరేషన్ చేశారు. ఆస్పత్రి బిల్లు లక్ష డాలర్లు దాటింది. అతని ఇన్సూరెన్స్ కంపెనీవాళ్ళు ‘మా పాలసీలో 30 వేలే ఉంది, రిలీజ్ మీద సంతకం పెడితే చెక్కు పంపుతాం’ అంటున్నారు. మిగతా డబ్బు ఎవరిస్తారు? అతని మీద కేసు వేయొచ్చా? మేం హెచ్‌1బీ మీద ఉన్నాం, కోర్టుకెళ్తే వీసాకేమైనా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆ రిలీజ్ మీద, అంటే ‘ఇక మీ మీద ఏ క్లెయిమూ వేయం’ అని రాసిచ్చే కాగితం మీద, ఇప్పుడే సంతకం పెట్టకండి. ఆ 30 వేలు ఎక్కడికీ పోవు. కానీ తొందరపడి సంతకం పెడితే, అంతకన్నా పెద్ద మొత్తం చేజారే ప్రమాదం ఉంది.

ఆ కంపెనీ చెప్పిన అంకె నిజమే అయ్యుండొచ్చు. టెక్సస్ చట్టం డ్రైవర్లను అడిగే కనీస పాలసీ అంతే: గాయపడిన ఒక్కొక్కరికి 30 వేల డాలర్లు, ప్రమాదం మొత్తానికి 60 వేలు, ఎదుటివాళ్ళ ఆస్తి నష్టానికి 25 వేలు. వెన్ను ఆపరేషన్‌కి అది ఏ మూలకూ రాదు. అందుకే అతని పాలసీ పక్కన పెట్టి, మీ సొంత కారు పాలసీ తీయండి. అందులో డిక్లరేషన్స్ పేజీ ఉంటుంది. దాని మీద ‘అన్‌ఇన్సూర్డ్/అండర్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్’ అనే వరుస ఉందేమో, ఎదురుగా ఎంత రాసి ఉందో చూడండి. గుద్దినవాడికి ఇన్సూరెన్స్ లేకపోయినా, ఉన్నది చాలకపోయినా మీ ఇన్సూరెన్స్ కంపెనీయే మీకు చెల్లించే కవరేజీ అది.

ఆ వరుస కనిపించకపోతే అంతటితో వదిలేయొద్దు. టెక్సస్‌లో ఈ కవరేజీ వద్దని పాలసీదారు రాతపూర్వకంగా చెప్పాలి. నోటిమాట చెల్లదు. ‘మేం వద్దన్నామని సంతకం పెట్టిన కాగితం చూపించండి’ అని మీ కంపెనీకి ఈమెయిల్ రాయండి. వాళ్ళు చూపించలేకపోతే చట్టం ప్రకారం ఆ కవరేజీ మీకు ఉన్నట్టే. పీఐపీ అనే పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్‌కీ ఇదే నియమం. తప్పెవరిదైనా సరే, వైద్య ఖర్చులతో పాటు పోయిన జీతంలో 80 శాతం దాని లిమిట్ మేరకు ఇస్తారు. అది కూడా ఇప్పుడే అడగండి.

ఇక ఆ రిలీజ్ సంగతి. మీ పాలసీలో ‘మా అనుమతి లేకుండా ఎదుటివాళ్ళతో సెటిల్ చేసుకోకూడదు’ అనే షరతు ఉంటుంది. అనుమతి తీసుకోనంత మాత్రాన క్లెయిమ్ కొట్టేయడానికి వీల్లేదనీ, దానివల్ల నష్టపోయామని కంపెనీయే చూపించాలనీ 1994లోనే టెక్సస్ సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆ వాదన దాకా ఎందుకు? 30 వేల ఆఫర్ లెటర్ జత చేసి, మీ కంపెనీ నుంచి రాతపూర్వక అనుమతి తెచ్చుకున్నాకే సంతకం పెట్టండి. మీ లిమిట్ 50 వేలనుకోండి, అందులోంచి ఆ 30 వేలు కోయరు. మొత్తం నష్టంలోంచి ఆ 30 వేలు తీసి, మిగిలినదానికి 50 వేల దాకా ఇవ్వాలి.

ఇంకో సంగతి కొంచెం శ్రద్ధగా చదవండి. ప్రమాదం జరిగిన 72 గంటల్లోపు చేర్చుకున్న ఆస్పత్రికి, గుద్దినవాడి ఇన్సూరెన్స్ ఇచ్చే డబ్బు మీద లీన్ పెట్టే, అంటే ఆ డబ్బులోంచి ముందు తన బిల్లు రాబట్టుకునే హక్కు ఉంది. లీన్ పెడితే ఆ 30 వేలు మీ చేతికి రాకుండానే ఆస్పత్రికి పోవచ్చు. మీ సొంత పాలసీ నుంచి వచ్చే అండర్‌ఇన్సూర్డ్ డబ్బు మీద మాత్రం ఆ లీన్ పనిచేయదు. నేను మొదటి నుంచీ మీ పాలసీ, మీ పాలసీ అంటున్నది ఇందుకే. మీ హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు కూడా ఆస్పత్రికి ఇచ్చారో లేదో చూసుకోండి.

మీ కంపెనీ వెంటనే చెక్కు రాసిస్తుందని మాత్రం అనుకోకండి. తప్పెవరిదో, నష్టమెంతో కోర్టు తేల్చేదాకా ఈ కవరేజీ కింద చెల్లించాల్సిన బాధ్యత కంపెనీకి రాదని 2006లో బ్రెయినార్డ్ కేసులో టెక్సస్ సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఏళ్ళ తరబడి ప్రీమియం కట్టినవాళ్ళకి ఇది అన్యాయమని నా అభిప్రాయం. కానీ ప్రస్తుతం నడుస్తున్నది అదే. అవసరమైతే మీ కంపెనీ మీదే దావా వేయాల్సి రావచ్చు.

అతని మీద కేసు వేయొచ్చు. గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్ళు. గెలిచాక డబ్బు రాబట్టడమే కష్టం. టెక్సస్‌లో ఇలాంటి బాకీకి జీతం జప్తు చేయరు, ఉంటున్న ఇంటి జోలికీ వెళ్ళరు. కాబట్టి అతని వెనక ఇంకెవరున్నారో చూడండి. డ్యూటీలో ఉండి గుద్దాడా? అయితే యజమాని బాధ్యుడు. కారు వేరేవాళ్ళదా? అతను ప్రమాదకరంగా నడుపుతాడని తెలిసీ ఇచ్చారా? కళ్ళకు కనబడేంత మత్తులో ఉన్నా బార్‌వాళ్ళు మళ్ళీ మందు పోశారా? పోలీసు రిపోర్టులో ఇవన్నీ వెతకాలి. రిలీజ్‌లో వీళ్ళందరినీ కూడా వదిలేస్తున్నట్టు రాసి ఉందేమో లాయర్ చేత చదివించండి.

లాయర్లు సాధారణంగా గెలిస్తేనే, వచ్చినదాంట్లో మూడోవంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ తీసుకుంటారు. ఆ ఒప్పందం రాతలో ఉండాలి. ప్రమాదం సంగతి తెలుసుకుని వాళ్ళంతట వాళ్ళే ఫోన్ చేసి కేసు అడిగేవాళ్ళకి ఇవ్వకండి, టెక్సస్‌లో అలా కేసులు పట్టడం నేరం.

వీసా గురించి భయపడకండి. నష్టపరిహారం అడగడం సివిల్ వ్యవహారం, దానివల్ల మీ మీద క్రిమినల్ రికార్డేమీ పడదు. అమెరికా పౌరులు కానివాళ్ళకీ ఈ కోర్టుల్లో దావా వేసే హక్కుంది. అయితే మీవారు దీర్ఘకాలం సెలవులో ఉండాల్సి వస్తే, హెచ్‌1బీ సంగతి ఆఫీసులోని ఇమిగ్రేషన్ లాయర్‌తో విడిగా మాట్లాడండి.