డ్రెడ్జ్ పైపులో రాళ్లు ఇరుక్కుంటుంటే

ఏటి అడుగున ఇసుక, రాళ్లు పీల్చి బంగారం ఏరే యంత్రం (డ్రెడ్జ్) పైపులో రాళ్లు ఇరుక్కుంటున్నాయి, ఇంకా పెద్దది కొనాలా అని మీ తమ్ముడి కోసం అడిగావు కదా. సైజు సమస్య కాదు అన్నా, నాజిల్ (పైపు చివర పీల్చే భాగం) మూతిని ఇరుకు చేసే రింగు లేనట్టుంది. అలాస్కాలో మీ తమ్ముడు 4 అంగుళాల పైపుది తీసేసి 5 అంగుళాలది కొన్నా మళ్లీ ఇదే టెన్షన్.

1. చాలామంది వదిలేసేది ఇదే: మూతి వెడల్పు పైపు కన్నా కనీసం అర అంగుళం తక్కువుండాలి. 4 అంగుళాల పైపుకి మూడున్నర, ఇంకా ఇరుక్కుంటే మూడు. మూతిలో దూరిన రాయి లోపల ఎక్కడా ఆగకూడదు. రింగు వెల్డింగ్ షాపులో చేసిస్తారు.
2. పొడుగు రాళ్లు రింగు ఉన్నా దూరతాయి, చేత్తో పక్కకు తీసేయాలి.
3. అప్పటికీ లాగకపోతే పంపు గాలి పీలుస్తోందేమో చూడమనండి.

ఒక్కడే మోసుకెళ్లాలంటే నా ఓటు రెండున్నర అంగుళాలదానికే.

తర్వాత దాన్ని చిత్తూరు తెచ్చి మన ఏటిలో దించే ఆలోచన మాత్రం వద్దన్నా. కుప్పం దగ్గర చిగురుగుంటలో గనులు తవ్వింది రాతిలోని బంగారం కోసం, డ్రెడ్జ్ పీల్చేది ఏటి ఇసుకలో విడిగా ఉన్నదాన్నే. పైగా అనుమతి లేకుండా తవ్వితే కేసవుతుంది.