‘దెఉస్’ పుట్టుక వెతకబోతున్న అమ్మలుకి

చి. అమ్మలుకి పెద్దనాన్న ఆశీస్సులు.

లాటిన్‌లో దేవుణ్ణి ‘దెఉస్’ అంటారు కదా, ఆ మాట పుట్టుపూర్వోత్తరాల మీద డిసర్టేషన్ రాస్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో నా తర్వాత ఈ దారి పట్టింది నువ్వే. కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రయ్యేసరికి టెన్షన్ మొదలైంది.

వ్యుత్పత్తి నిఘంటువులు పక్కన పెట్టుకో, అతి పాత రూపం దొరికేదాకా వెనక్కి వెళ్లు. ఇవి నీకు తెలిసినవే.

నా భయమల్లా గ్రీకు ‘థెఓస్’ గురించి. దానికీ దేవుడనే అర్థం, పలుకూ దగ్గరే. నా దగ్గర చదివిన ఓ తెలివైన కుర్రాడు ఈ రెండింటికీ చుట్టరికం కలిపి సెమినార్‌లో పేపర్ చదివాడు. ఒక పెద్దాయన అందరి ముందూ ఎగతాళి చేశాడు. ఆ పిల్లాడు మళ్లీ క్లాసుకి రాలేదు. తప్పు దిద్దితే సరిపోయేది కదా! ఇప్పటికీ బాధేస్తుంది.

పోలిక చూసి మోసపోకు, ధ్వనుల లెక్క చూడు. మాట మొదట్లో గ్రీకు ‘థ’కి సాటిగా లాటిన్‌లో ‘ఫ’ వస్తుంది. సంస్కృతం ‘ధూమః’, లాటిన్ ‘ఫూముస్’: రెండూ పొగే. గ్రీకు ‘థూమోస్’ వాటి తోబుట్టువే, అర్థం మాత్రం మనసులోని ఆవేశం వైపు జరిగింది. అంటే ‘థెఓస్’ చుట్టాల్ని లాటిన్‌లో ‘ఫ’ దగ్గర వెతకాలి. గుడికి వాడే ‘ఫానుమ్’ ఆ కుటుంబందే అంటారు. మన ‘దెఉస్’కి గ్రీకులో అసలు చుట్టం, గ్రీకు దేవతల రాజు పేరైన ‘జెఉస్’.

రోమ్‌లో 1880లో దొరికిన, పాత లాటిన్‌లో ఉన్న దుఏనోస్ శాసనం వదలొద్దు. మూడు చిట్టి కుండలు అతికించినట్టున్న మట్టిపాత్ర చుట్టూ గీసిన రాత అది. అందులో ‘దెయివోస్’ అని ఉంది, ‘దేవుళ్లను’ అని అర్థం. దాని నకలు చూసినప్పుడు ‘దేవ’ అని పైకే అనేశాను. తర్వాత్తర్వాత ‘ఓ’ ముందున్న ‘వ’ జారిపోయి ‘దెఉస్’ అయింది. ‘ఇ’ ముందు ‘వ’ నిలిచింది, దైవసమానం అనే అర్థంలో ‘దీవుస్’ అనే మాట అలా మిగిలింది.

ఒక్కటి గట్టిగా చెప్తున్నా, కోప్పడ్డాననుకో. ‘దెఉస్’ సంస్కృతం నుంచి పుట్టిందని రాశావంటే ఊరుకోను. ‘దేవ’, ‘దెఉస్’, లిథువేనియన్ ‘దియెవాస్’ ఒక తల్లి పిల్లలు. ఆ తల్లి రూపం ఎక్కడా రాసి దొరకలేదు, పిల్లల పోలికల్ని బట్టి మనం ఊహించి కట్టుకున్నదే. అందుకే దాని ముందు నక్షత్రం గుర్తు పెట్టాలి. నువ్వేమో చిన్నప్పటి నుంచీ తొందరపడి చుక్కలూ కామాలూ మింగేస్తావు.

డ్రాఫ్ట్ గైడ్‌కి ఇచ్చేముందు నాకు పంపు, తప్పులుంటే మనిద్దరి మధ్యే దిద్దుకుందాం. కళ్లజోడు కొత్తది చేయించుకున్నాను, చిన్న అక్షరాలైనా చదవగలను. వేళకి తిను.

మీ పెద్దనాన్న