ఒక్క కొబ్బరికాయకు నాలుగు ‘నా’లు

ప్రశ్న: నేను భాషాశాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్నాను. పసిఫిక్ ద్వీపాలలో కొద్దిమందే మాట్లాడే ఓషియానిక్ భాషలను నమోదు చేయడానికి జీవితమంతా వెచ్చించిన పరిశోధకుల గురించి తరగతిలో విన్నాను. ఆ భాష తెలిసినవారిని కూర్చోబెట్టి, పదాల పట్టిక చదివి, వారు చెప్పింది రికార్డు చేసుకుంటే ఏడాదిలో ముగిసే పని కదా! దానికి ఒక జీవితం ఎందుకు?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరన్నట్టు చేస్తే ఏడాదిలో పట్టిక తయారవుతుంది గానీ, అందులోకి భాష రాదు. పసిఫిక్‌లోని వనువాటు దేశంలో ఉన్న పామా ద్వీపపు భాష పామీస్‌నే చూడండి. కొబ్బరి తినబోయేటప్పుడు ‘నా కొబ్బరికాయ’ అనడానికి ఒక ‘నా’ ఉంది. నీళ్లు తాగబోయేటప్పుడు మరొకటి. అది నా నేలలో కాసిన కాయ అయితే ఇంకొకటి. తినడానికీ తాగడానికీ కాక, పీటలా వేసుకుని కూర్చోవడం వంటి పనికైతే నాలుగోది. దేశమంతటా చెలామణీలో ఉన్న బిస్లామా భాషలో మాత్రం ఈ నాలుగింటికీ ‘బ్లాంగ్ మి’ ఒక్కటే. కాబట్టి బిస్లామాలో ప్రశ్న అడిగే పరిశోధకుడికి, చెప్పేవారి మనసులో ఆ క్షణాన మెదిలిన ఒక్క రూపం దొరుకుతుంది. తక్కిన మూడూ ఉన్నాయన్న అనుమానమైనా కలగకపోవచ్చు. అవి చెవిన పడాలంటే, కాయ కొట్టేచోటా నీళ్లు పంచుకునేచోటా తోట హద్దుల గురించి వాదించుకునేచోటా ఆయన ఉండాలి, ఉండి ఆ మాటలు అర్థం చేసుకోగలగాలి.

పామీస్‌పైనే డాక్టరేటు చేసిన భాషాశాస్త్రవేత్త టెర్రీ క్రౌలీ జీవితాన్ని చూస్తే ఈ పనికి ఎంత కాలం పడుతుందో తెలుస్తుంది. 1953లో ఇంగ్లండులో పుట్టి ఆస్ట్రేలియాలో పెరిగిన ఆయన, పామీస్ వ్యాకరణాన్ని 1982లో ప్రచురించారు; నిఘంటువు రావడానికి 1992 దాకా పట్టింది. ఆ మధ్య వనువాటు రాజధాని పోర్ట్ విలాలోనూ, ఆ తరువాత న్యూజిలాండులోని వైకాటో విశ్వవిద్యాలయంలోనూ పాఠాలు చెబుతూనే ఈ పని సాగించారు. వనువాటులోనే ఉన్న ఎర్రోమాంగో ద్వీపంలో 19వ శతాబ్దంలో గంధపు చెక్క వర్తకుల రాకతో మొదలైన రోగాలూ కల్లోలమూ జనాన్ని తుడిచిపెట్టగా, అక్కడి ఉరా భాష చివరికి వేళ్లమీద లెక్కించదగిన వృద్ధుల దగ్గరే మిగిలింది. వారి నోట విని ఆయన రాసిన ఉరా వ్యాకరణం 1999లో వెలువడింది. ఆ వృద్ధులు తమ ఓపిక మేరకు, తమకు తీరికైన వేళల్లో చెబుతారు తప్ప మన గడువులను బట్టి చెప్పరు, చెప్పనవసరమూ లేదు.

2005 జనవరిలో, 51 ఏళ్లకే, క్రౌలీ హఠాత్తుగా మరణించారు. వనువాటులోని మరో ద్వీపం మలకులాకు చెందిన అవవ, నమన్, నెసె, తపె భాషల మీద ఆయన రాస్తున్న ప్రతులు అప్పటికింకా పూర్తి కాలేదు. సహచర పరిశోధకుడు జాన్ లించ్ వాటిని పరిష్కరించి 2006లో నాలుగు పుస్తకాలుగా వెలువరించారు. ఒకరి రాతను మరొకరు అందుకోగలిగారు కాబట్టే అది సాధ్యమైంది. అందుకే మీకు ఒక మాట చెబుతాను: మీ క్షేత్ర పుస్తకంలో మీకు మాత్రమే అర్థమయ్యే గుర్తులు ఉంటే, వాటి వివరణను ఆ పుస్తకం మొదటి పుటలోనే రాసిపెట్టండి.

ప్రశ్న: మాట్లాడేవారే లేకపోయాక ఆ రికార్డింగులు ఎవరికి?
– మరొక పాఠకుడు

జవాబు: ముందుగా ఆ ఊరివారికి. 1985 నుంచి 1994 దాకా వనువాటు తమ సమాజం, సంస్కృతి మీద పరిశోధించే విదేశీయులను అనుమతించలేదు. మళ్లీ అనుమతించినప్పుడు, సేకరించిన వాటి నకళ్లను దేశ సాంస్కృతిక కేంద్రానికి అప్పగించాలనీ, ఆ సమాజానికి నేరుగా పనికివచ్చేదేదైనా తయారుచేసి ఇవ్వాలనీ నియమం పెట్టింది. అది న్యాయమైన నియమమని నా దృఢమైన అభిప్రాయం. పాత టేపులు పాడైపోకుండా డిజిటల్ రూపంలోకి మార్చి భద్రపరచడానికి ఆస్ట్రేలియాలో పారాడిసెక్ అనే భాండాగారం 2003 నుంచి పనిచేస్తోంది. తాత చెప్పిన కథను తాత గొంతులోనే వినాలనుకునే మనవరాలికి వ్యాకరణ గ్రంథం కంటే ఆ టేపే ముఖ్యం.