పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి సీవీ కాపీలు ఎన్ని?

ప్రశ్న: ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తయింది. ఒక ఐఐటీ నుంచి, ఒక సెంట్రల్ యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. సీవీ ఆన్‌లైన్‌లో పంపేశాను. మళ్లీ ప్రింట్లు పట్టుకెళ్లాలా?
- విద్యార్థిని, హనుమకొండ

జవాబు: పట్టుకెళ్లండి. ఐదు చాలు. బోర్డులో ఏడెనిమిది మంది కూర్చున్నా అందరికీ పంచే పని పడదు. మీ దరఖాస్తు వాళ్ల ముందు ఎలాగూ ఉంటుంది. కాకపోతే అది పోర్టల్ మూసలో ఉంటుంది: మార్కులు, గేట్ స్కోరు, కేటగిరీ. మీరు ప్రాజెక్టులో ఏం చేశారో అందులో ఒకటి రెండు లైన్లకు మించి కనపడదు. అందుకే ఎవరో ఒకరు ‘సీవీ ఉందా?’ అంటారు. అప్పుడు ఇద్దరికొకటి చొప్పున ఇవ్వండి. అడక్కముందే పంచడం మొదలుపెడితే మొదటి రెండు నిమిషాలు కాగితాల సర్దుబాటుకే పోతాయి. మొత్తం ఇంటర్వ్యూ చాలాచోట్ల పావుగంటే. ఒక కాపీ మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి. ‘రెండో పేజీలో ఇదేమిటి?’ అన్నప్పుడు తడుముకోకూడదు.

సీవీ లేదని మిమ్మల్ని ఎవరూ వెనక్కి పంపరు. ఇబ్బంది వచ్చేది సర్టిఫికెట్ల దగ్గర. కాల్ లెటర్, ఐడీ కార్డు, మార్కుల మెమోలు, ప్రొవిజనల్, గేట్ స్కోరు కార్డు లేదా నెట్ సర్టిఫికెట్ వేరే ఫైల్లో పెట్టండి. ఓబీసీ అయితే నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉండాలి. రాష్ట్రంలో అడ్మిషన్లకు చూపించే బీసీ సర్టిఫికెట్ ఇక్కడ పనికిరాదు. ఈ సంగతి వెరిఫికేషన్ బల్ల దగ్గర తెలుసుకునేవాళ్లు ఏటా ఉంటారు.

ప్రశ్న: సీవీలో రాసినవాటి మీద ఎంత లోతుగా అడుగుతారు?
- ఎమ్మెస్సీ విద్యార్థి, తిరుపతి

జవాబు: మీరు రాసినంత లోతుగా. చాలా సీవీల్లో ఈ లైను ఉంటుంది: ‘నైపుణ్యాలు: ఎన్‌ఎంఆర్, హెచ్‌పీఎల్‌సీ, జీసీ-ఎంఎస్’. ఇవన్నీ కాంపౌండ్లను విశ్లేషించే మెషీన్లు. అది చూడగానే, వాటిలో ఒకదానితో రోజూ పనిచేసే ప్రొఫెసర్ పెన్ను మూత తీస్తారు. ఎన్‌ఎంఆర్ సంగతే తీసుకోండి: శాంపిల్ ఏ సాల్వెంట్‌లో (ద్రావణిలో) కలిపారు? క్లోరోఫామ్-డి అయితే మిగిలిన ప్రోటాన్ పీక్ ఎక్కడ వస్తుంది? 7.26 పీపీఎం అని వెంటనే రావాలి. మీరు శాంపిల్ ట్యూబు ఇచ్చి, స్పెక్ట్రమ్ తెచ్చుకున్నవాళ్లే అయితే ఆ లైనును ఇలా మార్చండి: ‘ప్రోటాన్ ఎన్‌ఎంఆర్ స్పెక్ట్రా విశ్లేషణ, 12 కాంపౌండ్లు, మెషీన్ నడపలేదు’. తక్కువ చేసుకున్నట్టు అనిపిస్తుంది గానీ, ఇక ప్రశ్నలు మీకు తెలిసిన చోటే పడతాయి.

సీజీపీఏ దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. 8.2 వస్తే పదితో గుణించి 82 శాతం అని రాసేస్తారు. 0.5 తీసేసి పదితో గుణించే యూనివర్సిటీలో అది 77 శాతమే. దరఖాస్తులో 77, చేతిలోని కాగితంలో 82 ఉంటే సంజాయిషీకే సమయం పోతుంది. మీ యూనివర్సిటీ సూత్రం మెమో మీద ఉందేమో చూడండి, లేకపోతే పరీక్షల విభాగంలో అడగండి. లేదా శాతం జోలికి పోకుండా సీజీపీఏ ఒక్కటే రాయండి.

ప్రశ్న: జిరాక్స్ సెంటర్లో తీయించిన ప్రింటులో బీటా గుర్తు ఉండాల్సిన చోట డబ్బాలు వచ్చాయి. ఎందుకని?
- పాఠకుడు, కాకినాడ

జవాబు: వర్డ్ ఫైలు ఇచ్చి ఉంటారు. మీరు వాడిన ఫాంటు అక్కడి కంప్యూటర్లో లేకపోతే గుర్తులు డబ్బాలవుతాయి, లైన్లు జారి రెండు పేజీల సీవీ మూడో పేజీలోకి పాకుతుంది. ఇంట్లోనే పీడీఎఫ్ చేసి, వేరే ఫోన్లో తెరిచి చూసుకున్నాకే ఇవ్వండి. ప్రింటు పెట్టేటప్పుడు కాగితం ఏ4, సైజు ‘యాక్చువల్’ అని చెప్పండి. ‘ఫిట్’ పెడితే అక్షరాలు కాస్త చిన్నబోతాయి. లేజర్ ప్రింటే తీయించండి. ఇంక్‌జెట్ అయితే తడి చెయ్యి తగిలినా, వాన చినుకు పడినా అలుక్కుపోతుంది. రెండు పేజీల సీవీని 100 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 100 గ్రాములు తూగే, కాస్త మందపాటి) కాగితం మీద రెండు వైపులా వేయిస్తే పిన్ను అక్కర్లేదు, రెండో పేజీ ఊడి ఎక్కడో పడిపోయే బెడదా ఉండదు. మామూలు 70 జీఎస్‌ఎం మీద వెనక అక్షరాలు ఇవతలికి కనిపిస్తాయి. స్పైరల్ బైండింగ్ వద్దు.

ప్రశ్న: దరఖాస్తు చేశాక ఒక జర్నల్‌కు పరిశోధన పేపరు పంపాను. కొత్త సీవీలో చేర్చవచ్చా?
- ప్రాజెక్ట్ అసిస్టెంట్, హైదరాబాద్

జవాబు: చేర్చండి. పైన తేదీ వేసి, ఆ కాపీ ఇచ్చేటప్పుడు ‘దరఖాస్తు తర్వాత ఇదొక్కటే చేరింది’ అని నోటితో చెప్పండి. పంపింది, అంగీకరించింది, అచ్చయింది - ఈ మూడింటిలో ఏదో స్పష్టంగా రాయండి. అంగీకరించి ఉంటే జర్నల్ నుంచి వచ్చిన మెయిల్ ప్రింటు వెంట ఉండాలి. పాత సమాచారంలో మాత్రం ఒక్క అంకె కూడా మార్చకండి.

ప్రశ్న: సీవీ చివర డిక్లరేషన్, సంతకం, ఫొటో ఉండాలా?
- విద్యార్థిని, కర్నూలు

జవాబు: అక్కర్లేదు. అది బయోడేటా అలవాటు. ఆ జాగాలో ప్రాజెక్టు గురించి ఇంకో రెండు లైన్లు పడతాయి.

ప్రశ్న: అమెరికాలో బయాలజీ పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి వెళ్లాలి. అక్కడా ఇంతేనా?
- రీసెర్చ్ అసిస్టెంట్, విశాఖపట్నం

జవాబు: కాదు. అక్కడ బోర్డు ముందు కూర్చోబెట్టడం తక్కువ. ఎక్కువగా జనవరి నుంచి మార్చి మధ్యలో పిలిచి, ఒక్కో ప్రొఫెసర్‌తో విడివిడిగా అరగంట చొప్పున మాట్లాడిస్తారు. వాళ్లు మీ దరఖాస్తు ముందే చూసి వస్తారు కాబట్టి మూడు కాపీలు బ్యాగులో ఉంటే చాలు, అవి బయటికే తీయకపోవచ్చు కూడా. పుట్టిన తేదీ, తండ్రి పేరు, పెళ్లి వివరాలు, ఫొటో తీసేయండి. ప్రింట్లు ఇక్కడే తీసుకుని వెళ్లండి. అక్కడి లెటర్ సైజు కాగితం ఏ4 కంటే 18 మిల్లీమీటర్లు పొట్టి, 6 మిల్లీమీటర్లు వెడల్పు. ఏ4కి సరిపెట్టిన పేజీని దాని మీద ‘యాక్చువల్’ సైజులో తీస్తే కింది లైను తెగిపోవచ్చు. తప్పదంటే పేజీ సైజు మార్చి పీడీఎఫ్ మళ్లీ తయారుచేసుకోండి. వీడియో ఇంటర్వ్యూ అయితే ఒక ప్రింటు కీబోర్డు పక్కన పెట్టుకోండి. చాట్‌లో పంపమంటే వెతుక్కోకుండా పీడీఎఫ్ డెస్క్‌టాప్ మీద, మీ పేరుతోనే ఉంచండి. ‘ఫైనల్ కొత్తది 3’ అన్న పేరుతో పంపకండి.